చివరి తూము దాకా

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శి గారు ఫోను చేసి "నువ్వు ఇంజనీరువి కదా, ఊరికి పనికొచ్చే నాలుగు మాటలు చెప్పు" అన్నారు. కొత్త భవనం అంచనాల గురించి చెప్పమంటారేమో అనుకున్నాను. ఆయన అడిగింది వేరు. "యాభై ఏళ్లుగా సంఘం నడుపుతున్నాం. సంఘాలు ఎందుకు నిలబడతాయి, ఎందుకు పడిపోతాయి అన్నది చెప్పు" అన్నారు. వంతెన ఎందుకు పడిపోయిందో చెప్పమంటే ఇంతకన్నా తేలిక. అయినా ఒప్పుకున్నాను. ఎందుకంటే ఈ విషయంలో నా తప్పు ఒకటి ఉంది. అది ఈ ఊళ్లోనే జరిగింది. అది చెప్పుకోవడానికి ఇంతకన్నా మంచి చోటు నాకు దొరకదు.

ముందు మీకందరికీ తెలిసిన సంగతి. మన బడి ఆవరణలో చేతి పంపు ఉండేది. మధ్యాహ్నం గంట కొట్టగానే పదో తరగతి వాళ్లు పరుగెత్తి పంపు పట్టేసుకునేవాళ్లు. ఆరో తరగతి పిల్లలు గంట అయ్యేదాకా పొడి నోటితో నిలబడేవాళ్లు. డ్రిల్లు మాస్టారు రెండు రోజులు చూశారు. మూడో రోజు నుంచి వరస తిరగేశారు. ఆరో తరగతి ముందు, పదో తరగతి చివర. మేము గొణిగాం. ఆయన ఒకటే అన్నారు: "ఒరేయ్, మీరు చివర ఉంటే చిన్నవాళ్లకి నీళ్లు అందాయో లేదో మీరే చూస్తారు. మీరు ముందుంటే తాగేసి వెళ్లిపోతారు." ఆ మాటలో ఎంత ఇంజనీరింగు ఉందో నాకు ఉద్యోగంలో చేరిన పదేళ్లకు గాని అర్థం కాలేదు.

1997లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సాగునీటి నిర్వహణను రైతులకు అప్పగిస్తూ ఒక చట్టం వచ్చింది. రాష్ట్రమంతటా పది వేలకు పైగా నీటి వినియోగదారుల సంఘాలు ఏర్పడ్డాయి. సంఘం పరిధిని నియోజకవర్గాలుగా విడగొట్టి, ఒక్కొక్క దానికి ఒక సభ్యుణ్ణి ఎన్నుకునేవారు. ఆలోచన మంచిది. కాలువ చివర ఉన్న రైతుకి మొదటిసారి ఒక కుర్చీ దొరికింది. నేను అప్పుడు కుర్ర ఏఈని. మన వైపు కాలువల మీద ఎన్నికల పనికి తిరిగాను. ఊరూరా "ఏకగ్రీవం అయిపోయిందండి, కాగితాలు తీసుకోండి" అనేవాళ్లు. నాకూ పని తేలికయింది. ఏకగ్రీవం అంటే అందరూ ఒప్పుకున్నారని అర్థం కాదు, కొందరిని అడగలేదని కూడా అర్థం కావచ్చని అప్పటికి తెలియదు. రికార్డులో పేరు ఉన్నవారికే ఓటు. మన వైపు కౌలు చాలావరకు నోటిమాట మీద నడుస్తుంది. నాట్లు వేసే ఆడవాళ్ల పేరు మీద భూమి ఉండదు. అంటే నీళ్ల కోసం రాత్రి గట్టు మీద కాపలా పడుకునే వాళ్లలో చాలామంది సంఘంలో లేరు.

మొదటి రెండేళ్లు పూడిక తీశాం, షట్టర్లు బాగు చేశాం, ఉత్సాహంగానే నడిచింది. తరువాత సంఘం అంటే ఒక రబ్బరు స్టాంపు, ఒక బ్యాంకు పాసుబుక్కు అయింది. బిల్లు పెట్టవలసి వచ్చినప్పుడు తప్ప ఎవరూ కలిసేవాళ్లు కాదు.

2002లో వానలు మొహం చాటేశాయి. కాలువకు నీళ్లు ఆలస్యంగా, అరకొరగా వచ్చాయి. ఎగువ ఊళ్ల వాళ్లు తూములు ఎత్తేసుకున్నారు. శివారు ఊళ్లో నారుమళ్లు నెర్రెలిచ్చాయి. ఒక రాత్రి మూడో తూము దగ్గర గడ్డపారలతో కొట్టుకున్నారు. ఒకరి తల పగిలి పెద్దాసుపత్రికి వెళ్లారు. ఇంకొకరు పోలీసు స్టేషనుకి వెళ్లారు. ఇద్దరూ మన బడి వాళ్లే. నాకన్నా రెండేళ్లు ముందు, ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్నవాళ్లు. పేర్లు చెప్పను. సభలో ఉన్నారు.

ఇప్పుడు నా తప్పు. ఆ వారం గేజి రిజిస్టరులో "చివరి తూముకు నీరు అందినది" అని సంతకం పెట్టింది నేను. నేను వెళ్లి చూడలేదు. ఎగువన మట్టం చూసి, లెక్క కట్టి, అంది ఉండాలి అనుకుని రాశాను. లెక్క తప్పు కాదు. కానీ మధ్యలో గుర్రపుడెక్క ఉంది, రాత్రిపూట ఎత్తిన తూములు ఉన్నాయి, అవి లెక్కలో లేవు. శివారు రైతులు అడగడానికి వస్తే ఆ రిజిస్టరే చూపించాం. "రికార్డులో నీళ్లున్నాయి, చేలో లేవు" అన్నాడు ఒక పెద్దాయన. ఆ మర్నాటి రాత్రే కొట్లాట. ఆ దెబ్బలో నా సంతకానికీ వాటా ఉంది. తిలాపాపం తలా పిడికెడు అంటారు. నా పిడికెడు నాకు తెలుసు.

కొట్లాట తరువాత రెండు ఊళ్ల మధ్య మాటలు ఆగిపోయాయి. ఆటోలు వేరు, కిరాణా వేరు. మన బడిలో పిల్లలు కూడా విడివిడిగా కూర్చోవడం మొదలుపెట్టారు. అది చూసి కదిలింది మన డ్రాయింగు మాస్టారు. అప్పటికే రిటైరయ్యారు. ఇప్పుడు మన మధ్య లేరు. ఆయన ఒక ఆదివారం మన బడి వరండాలో కూర్చుందాం రమ్మని మనిషి మనిషికీ చెప్పి వచ్చారు. పదకొండు మంది వచ్చారు. ఎగువ నుంచి నలుగురు, శివారు నుంచి ఐదుగురు, కాలువ లష్కరు, నేను. శివారు ఐదుగురిలో ఒకామె కౌలు రైతు. ఆమెకు ఏ సంఘంలోనూ ఓటు లేదు. అందరికన్నా కాలువ గురించి ఎక్కువ తెలిసింది ఆమెకే.

ఆ రోజు మాస్టారు ఒక షరతు పెట్టారు. కేసు గురించి మాట్లాడవద్దు, తప్పెవరిదో తేల్చవద్దు. "రేపు పొద్దున్న అందరం కలిసి చేయగలిగిన పని ఒకటి చెప్పండి" అన్నారు. గంటసేపు ఎవరూ చెప్పలేదు. చివరికి ఆ కౌలు రైతమ్మ అంది: "ఏ తూము కాడ ఎన్ని నీళ్లున్నాయో పొద్దున్నే ఎవరైనా నిజం చెబితే చాలు బాబూ. లేవంటే లేవు. తెలిస్తే రాత్రి నిద్రయినా పోతాం."

అదే మొదటి పని అయింది. మూడు తూముల దగ్గర కర్ర పాతి రంగుతో గీతలు పెట్టాం. మన బడిలో పక్కన పడేసిన నల్లబల్ల ఒకటి హెడ్మాస్టరు గారిని అడిగి తీసుకుని పాలకేంద్రం గోడకు తగిలించాం. పాలకేంద్రమే ఎందుకంటే, పొద్దున్నే రెండు ఊళ్ల వాళ్లూ క్యాను పట్టుకుని తప్పకుండా వచ్చేది అక్కడికే. ఎగువ మనిషి శివారు తూము చూసి రాయాలి, శివారు మనిషి ఎగువ తూము చూసి రాయాలి. ఎవరి తూము వాళ్లు చూసుకోకూడదు. ఆ నియమం లష్కరుది. ముప్పై ఏళ్లు గట్టు మీద తిరిగినవాడు. మనుషుల్ని ఎరుగును.

ఆ బల్ల వల్ల నీళ్లు పెరగలేదు. కానీ "వాళ్లు రాత్రి మొత్తం తోడేశారట" అనే పుకారు ఆగింది. కొట్లాటలో సగం నీళ్ల గురించి కాదు, తెలియకపోవడం గురించి. మరుసటి ఏడాది వంతులు పెట్టుకున్నాం. మొదటి వంతు శివారుకి, చివరి వంతు ఎగువకి. ఎగువ వాళ్లను ఒప్పించడానికి నేను హైడ్రాలిక్సు ఏమీ చెప్పలేదు. డ్రిల్లు మాస్టారి పంపు గుర్తుచేశాను. నవ్వి ఒప్పుకున్నారు.

తరువాతి రోజుల్లో ఇలాంటి సంఘాల గురించి చదవడం, వీలైతే తెలుసుకోవడం అలవాటు చేసుకున్నాను. మూడు చోట్ల సంగతులు మీకు చెబుతాను. ఒక్కొక్కటీ మా బల్ల దగ్గర మాకు ఎదురైన ఒక్కొక్క చిక్కుకు జవాబు.

మొదటిది రాజస్థాన్. అక్కడ కరువు పనుల్లో కూలీలకు ఇచ్చిన దానికీ, మస్టరు కాగితాల్లో రాసిన దానికీ పొంతన ఉండేది కాదు. దేవ్‌డుంగ్రీ అనే చిన్న ఊరు కేంద్రంగా 1990లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ ఏర్పడింది. 1994 చివర్లో వాళ్లు మొదటి బహిరంగ విచారణ పెట్టారు. ఊరి మధ్య ఆ కాగితాలు బయటికి చదివారు. చనిపోయినవారి పేర్లు, ఎన్నడూ పనికి రానివారి పేర్లు వినిపిస్తుంటే జనమే లేచి సాక్ష్యం చెప్పారు. 1996లో బ్యావర్ పట్టణంలో నలభై రోజులు ధర్నా చేశారు. 2005లో వచ్చిన సమాచార హక్కు చట్టం వెనుక ఆ ఊళ్ల చెమట ఉంది. ఉపాధి హామీ పనుల మీద సామాజిక తనిఖీని 2006 నుంచి మన రాష్ట్రం పెద్ద ఎత్తున చేపట్టింది. చెట్టు కింద జనం ముందు పేరు పేరునా చదవడం అనే ఆ పద్ధతి మీలో ఎంతమంది చూశారో. లెక్క రహస్యంగా ఉంటే అది బలవంతుడి ఆయుధం, పైకి చదివితే అందరి ఆస్తి. మా నల్లబల్ల ఆ జాతిదే అని తెలిసినప్పుడు చాలా సంతోషించాను.

రెండోది భివండీ. మగ్గాల ఊరు, బొంబాయికి దగ్గర. తెలంగాణ జిల్లాల నుంచి వలస వెళ్లిన పద్మశాలి కుటుంబాలు అక్కడ పెద్ద సంఖ్యలో ఉన్నాయి. 1970లో, మళ్లీ 1984లో అక్కడ ఘోరమైన మత కలహాలు జరిగాయి. 1988లో సురేశ్ ఖోపడే అనే పోలీసు అధికారి డిప్యూటీ కమిషనరుగా వచ్చి పేటపేటకూ మొహల్లా కమిటీలు పెట్టించారు. హిందువులు, ముస్లింలు సమానంగా, వాళ్లతో ఒక పోలీసు అధికారి. కలహం లేని రోజుల్లోనే కూర్చోవడం, చిన్న చిన్న తగాదాలు అక్కడే తేల్చుకోవడం, ముఖ పరిచయం పెంచుకోవడం. 1992 డిసెంబరులో, 1993 జనవరిలో బొంబాయి తగలబడుతున్నప్పుడు భివండీ ప్రశాంతంగా ఉంది. ముందే పరిచయం ఉన్నవాడికి రాత్రి పూట ఫోను చేయగలం. పరిచయం లేనివాడి మీద రాయి వేయగలం. అంతే తేడా. అయితే అదే ఊళ్లో 2006లో ఒక స్థలం విషయమై పోలీసులకూ జనానికీ ఘర్షణ జరిగి ప్రాణాలు పోయాయి. ఒకప్పుడు శాంతి నిలిపాం కదా అని అది దానంతటదే నిలబడదు. ఏటేటా పూడిక తీయవలసిందే.

మా ఆదివారాలు అందుకే. వేసవిలో కాలువ కట్టేస్తారు, నీళ్లుండవు, మాట్లాడుకోవడానికి ఏమీ ఉండదు. అయినా నెలలో మొదటి ఆదివారం బడి వరండాలో కూర్చుంటాం. మొదట్లో "పని లేకుండా కూర్చోవడం ఏమిటి" అన్నవాణ్ణి నేనే. ఇప్పుడు తెలుసు, పని లేని రోజున కలిసినవాళ్లే పని పడిన రోజున కలుస్తారు.

మూడోది మన దూబగుంట. నెల్లూరు జిల్లా. 1990ల మొదట్లో అక్షరాస్యతా ఉద్యమంలో రాత్రి బడికి వచ్చిన ఆడవాళ్లు చదువుతోపాటు తమ కష్టం గురించి మాట్లాడుకున్నారు. వాళ్ల ఊళ్లో సారా దుకాణం మూయించారు. ఆ ఊరి రోశమ్మ పేరు మనందరికీ తెలుసు. 1992లో జిల్లాలో సారా వేలంపాటలు పదే పదే వాయిదా పడ్డాయి. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. 1997లో ఆ సంపూర్ణ నిషేధాన్ని సడలించారు. చాలామంది కథ అక్కడితో ఆపేస్తారు. నేను అక్కడ ఆపను. సారా మీద పోరాడిన ఆ ఆడవాళ్లే రోజుకొక రూపాయి దాచుకునే పొదుపు లక్ష్మి సంఘాలు పెట్టుకున్నారు. తరువాత మన రాష్ట్రమంతా చూసిన పొదుపు సంఘాలకు నెల్లూరు ఒక దారి చూపింది. గెలిచిన చట్టం చేజారింది. రూపాయి మీద కట్టుకున్న సంఘం మిగిలింది. ఎందుకంటే రూపాయి రోజూ ఇవ్వాలి, రోజూ కలవాలి, ఎవరు ఎంత ఇచ్చారో అందరికీ తెలియాలి.

ఇక్కడ మన సంఘానికి సంబంధించిన ఒక మాట చెప్పాలి. కొంచెం చేదుగా ఉంటుంది, క్షమించండి. మా బల్ల సంగతి విని అమెరికాలో ఉన్న మన మిత్రులు కొందరు ప్రేమతో ఒకేసారి రెండు లక్షలు పంపారు. కొత్త షట్టర్లు పెట్టించమన్నారు. వాళ్ల మనసు మంచిది. కానీ అంతకుముందు మా ఖర్చు ఏడాదికి వెయ్యి రూపాయలు దాటదు. రంగు, సుద్దముక్కలు, టీ. రెండు లక్షలు రాగానే షట్టరు ముందు ఏ ఊరి తూముకు పెట్టాలి, పని ఎవరికి ఇవ్వాలి, ఖాతాలో సంతకం ఎవరిది అని మొదలైంది. గడ్డపారలు విడగొట్టలేని పదకొండు మందిని ఆ చెక్కు విడగొట్టింది. నాలుగు నెలలు బల్ల మీద ఎవరూ రాయలేదు. చివరికి మాస్టారే డబ్బు వెనక్కి పంపించేశారు. నెలకు మనిషికి పది రూపాయలు చాలన్నారు. ప్రతి ఆదివారం ముందు లెక్క చదవాలి, తరువాతే టీ అన్నారు. ఆ పద్ధతి ఇప్పటికీ ఉంది. పది ఇప్పుడు ఇరవై అయింది.

ఇంకోసారి పంచాయతీ ఎన్నికల్లో ఆగింది. మాలో ఇద్దరు చెరో పక్షాన నిలబడ్డారు. ఆ బల్ల మీదే ఒకాయన గుర్తు గీశాడు. ఆ మధ్యాహ్నమే కౌలు రైతమ్మ తడిగుడ్డతో తుడిచేసి, "ఇది నీళ్ల పలక" అని వెళ్లిపోయింది. నేనైతే మీటింగు పెట్టి తీర్మానం రాసేవాణ్ణి. ఆమె తుడిచింది. అప్పటి నుంచి ఎన్నికల నెలలో బల్ల రాసే వంతు పోటీలో లేనివాళ్లదే.

ఆ కొట్లాట కేసు ఆరేళ్లు నడిచి కోర్టులో రాజీ అయింది. కథల్లోలాగా ఇద్దరూ కౌగిలించుకోలేదు. ఇప్పటికీ ఒకరింటి శుభకార్యానికి ఒకరు వెళ్లరు. కానీ వంతు వచ్చిన రోజున ఈయన ఆయన తూము చూసి వచ్చి అంకె రాస్తాడు. ఆయన ఆ అంకె నమ్మి పాలు పోసి ఇంటికి వెళతాడు. శాంతి అంటే నాకు తెలిసింది ఇదే. ఇష్టం లేకపోయినా నమ్మగలగడం.

ఇంజనీరుగా ఒక్క మాట. కట్టడం గొప్ప అని మాకు కాలేజీలో నేర్పారు. ప్రారంభోత్సవానికి శిలాఫలకం వేస్తారు. పూడిక తీసినవాడికి శిలాఫలకం ఉండదు. కానీ కాలువ బతికేది పూడిక తీసినవాడి వల్లే. సంఘమూ అంతే.

ఇప్పుడు అసలు చిక్కు చెబుతాను. ఆ పదకొండు మందిలో నలుగురు పోయారు. ముగ్గురికి నడవడానికి ఓపిక లేదు. లష్కరు రిటైరయ్యాడు, ఆ పోస్టులోకి ఇంకా ఎవరూ రాలేదు. పిల్లలు హైదరాబాదులో, బెంగుళూరులో, డల్లాసులో ఉన్నారు. గత వానాకాలంలో తొమ్మిది రోజులు బల్ల ఖాళీగా ఉంది. పదో రోజున "రాత్రి తోడేశారట" అనే మాట మళ్లీ వినిపించింది. ఇరవై ఏళ్లకు పైగా కాపాడుకున్నది తొమ్మిది రోజుల్లో ఎంత సన్నబడిందో చూసి నాకు నిద్ర పట్టలేదు.

అందుకని ఈ స్వర్ణోత్సవ సభను మూడు అడుగుతున్నాను. డబ్బు అడగడం లేదు.

ఒకటి, చుట్టుపక్కల ఊళ్లలో ఉంటున్న పూర్వ విద్యార్థుల్లో పన్నెండు మంది పేర్లు కావాలి. నెలకు రెండు పొద్దుటి పూటలు, ఒక ఆదివారం. అందులో సగం ఆడవాళ్లు, కొందరైనా సొంత పొలం లేనివాళ్లు ఉండాలి. 1997లో నేను చేసిన ఏకగ్రీవం మళ్లీ వద్దు.

రెండు, ఉపాధ్యాయులకు మనవి. తొమ్మిదో తరగతి పిల్లల్ని వారానికి ఒక రోజు గేజి చదవడానికి పంపండి. ఎగువ పిల్లలు, శివారు పిల్లలు జంటగా రావాలి. భిన్నాలు, దశాంశాలు అక్కడ బాగా వస్తాయి. ఇంకో విషయం కూడా వస్తుంది. దానికి మార్కులు ఉండవు.

మూడు, మన సంఘం ఏడాదికొకసారి డిసెంబరులో కలుస్తుంది, భోజనం బాగుంటుంది, ఫొటోలు దిగుతాం. అది ఉండనివ్వండి. దానితోపాటు నెలకొకసారి, ఏ పనీ లేకపోయినా, ఆ వరండాలో ఎవరో ఒకరు కూర్చోండి. దూరాన ఉన్నవాళ్లు ఊరికి వచ్చినప్పుడు ఆ ఆదివారం చూసుకుని రండి. చెక్కు వద్దు, మనిషి రావాలి.

రేపు పొద్దున్న బల్ల రాసే వంతు నాది. నేను రాసేది ఎగువ తూము కాదు, శివారు తూము. ఈసారి వెళ్లి చూసే రాస్తాను. ఐదున్నరకు పాలకేంద్రం దగ్గర నుంచి బయలుదేరతాను. రెండు కిలోమీటర్లు గట్టు మీద నడక. రావాలనుకున్నవాళ్లు రండి. చెప్పులు పాతవి వేసుకోండి, బురదగా ఉంటుంది.